నోటీసులో ఉన్నవాడి అక్క పెళ్లి

సిబ్బంది విభాగం మేనేజరు గారికి,

బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్ నమస్కరించి రాసుకునేది.

అయ్యా, నా రాజీనామా అందిందనీ, నెలాఖరు దాకా నోటీసు కాలం పనిచేసి వెళ్లాలనీ మీరు పంపిన కాగితం చేరింది. అలాగే చేస్తాను. నేను లేకపోయినా ఓవెన్ మండుతుంది గానీ, అది ఏ మూల మాడుస్తుందో, ఏ మూల పచ్చిగా వదిలేస్తుందో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ సంగతులన్నీ మా అసిస్టెంటుకి పూసగుచ్చినట్టు చెబుతున్నాను. కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. వింటున్నాడు.

ఇప్పుడు రాస్తున్నది వేరే పని మీద. ఈ నెల మూడో వారంలో మా అక్క పెళ్లి. ముందు రోజూ తర్వాతి రోజూ కలిపి మూడు రోజులు సెలవు కావాలి. నా పేరున వాడుకోని ఆర్జిత సెలవులు బోలెడున్నాయి. వెనకటి యజమాని ఉన్నప్పుడు గేటు దగ్గర ఎదురుపడి అడిగితే, ఆయన తలూపితే అదే సెలవు. మా ఫ్యాక్టరీని మీ పెద్ద కంపెనీ కొన్నాక తలూపడాలు పోయి కాగితాలు వచ్చాయి. అందుకని బిస్కెట్ల వ్యాన్‌లో ఈ ఉత్తరం ముందుగానే పంపుతున్నాను.

ఇట్లు,
ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్

తా.క. వ్యాన్ డ్రైవరు ఉత్తరాన్ని క్రీమ్ బిస్కెట్ల పెట్టె మీద పెట్టాడు. కవరుకు కాస్త తియ్యటి వాసన వస్తే అది నేను పూసింది కాదు.

*

ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్ గారికి,

మీ ఉత్తరం అందింది. నియమావళి ప్రకారం, రాజీనామా ఇచ్చిన ఉద్యోగికి నోటీసు కాలంలో సాధారణంగా సెలవు మంజూరు చేయబడదు. బాధ్యతలు అప్పగించి వెళ్లడానికే ఆ కాలం ఉన్నది గాని, సెలవులు అనుభవించడానికి కాదు.

ఇంకొక విషయం. మీ ఫైలు ప్రకారం మీ వయసు యాభై దాటింది. కారణం దగ్గర "మా అక్క పెళ్లి" అని రాశారు. తొందరలో ఒక మాట ఎగిరిపోయినట్టుంది. "అక్క కూతురి పెళ్లి" కావచ్చు, లేదా "అక్క మనవరాలి పెళ్లి" కావచ్చు. రికార్డు సరిగ్గా ఉండాలి కాబట్టి, ఎలాగూ సెలవు లేకపోయినా, ఏదో ఒకటి సరిచేసి పంపగలరు.

ఇట్లు,
మేనేజర్, సిబ్బంది విభాగం

తా.క. పెళ్లి ఎవరిదైనా వారికి సంస్థ తరఫున శుభాకాంక్షలు.

*

మేనేజరు గారికి,

నమస్కారాలు. ఏ మాటా ఎగిరిపోలేదు. పెళ్లి మా అక్కదే. మొదటి పెళ్లే.

మా అమ్మా నాన్నా పోయేనాటికి నేను పలక పట్టుకునే వయసులో ఉన్నాను. అక్కకి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. "వీడి చదువు కానివ్వండి" అంది. చదువయ్యాక "వీడికో ఉద్యోగం రానివ్వండి" అంది. ఉద్యోగం వచ్చాక నా పెళ్లి అంది. అన్నీ అయ్యేసరికి అడిగేవాళ్లు అడగడం మానేశారు. ఇన్నాళ్లకి ఒక పెద్దాయన వచ్చి అడిగాడు. భార్య పోయి చాలా కాలమైంది, నెమ్మదస్తుడు. అక్క నాలుగు రోజులు ఆలోచించి సరేనంది. ఆ నాలుగు రోజులూ ఆయన రోజూ వచ్చి, ఏమీ అడక్కుండా కూర్చుని వెళ్లాడట. ఆమె తరఫున నిలబడ్డానికి పుట్టింటివాళ్లంటే నేనొక్కణ్ణే.

మీరు చెప్పిన నియమాన్ని మా యూనియన్ పనులు చూసే తాత చేత చదివించుకున్నాను. అందులో "సాధారణంగా" అనే మాట ఉంది. అరవైకి దగ్గరపడ్డ అక్క పెళ్లి సాధారణమైన విషయం కాదని మీరే ఉత్తరంలో ఒప్పుకున్నారు కదా, నమ్మలేక కూతురినీ మనవరాలినీ వెతికారు. పైగా ఆర్జిత సెలవంటే పనిచేసి సంపాదించుకున్నది. రాజీనామాతో నేను వదులుకుంది రేపటి పనిని, నిన్నటిదాకా చేసినదాన్ని కాదు. ఆ మూడు రోజులు నోటీసుకు చివర కలపమన్నా కలుపుతాను.

వెళ్లాక ఏం చేస్తారని మీ కాగితంలో ఒక గడి ఉంది, ఖాళీగా వదిలేశాను. ఇప్పుడు చెబుతున్నాను. ఇక్కణ్ణుంచి వెళ్లాక మా అక్కతో కలిసి కుట్టు పని చేసుకుంటాను. చిన్నప్పుడు ఆమె దగ్గరే నేర్చుకున్నాను, చెయ్యి ఇంకా మరచిపోలేదు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఇట్లు,
ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్

తా.క. ఓవెన్ పక్కన నిలబడి రాస్తున్నాను. చెమట చెయ్యి. అక్షరాలు అలుక్కుపోతే మన్నించి, పోల్చుకుని చదువుకోగలరు.

*

ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్‌కు,

విషయం: మీ నుంచి వివరణ కోరుట.

మీ ఉత్తరాన్ని నేనూ మా టైపిస్టూ రెండుసార్లు చదివాం. "ఇక్కణ్ణుంచి వెళ్లాక మా అక్కతో కలిసి కుట్ర పని చేసుకుంటాను. చిన్నప్పుడు ఆమె దగ్గరే నేర్చుకున్నాను, చెయ్యి ఇంకా మరచిపోలేదు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు" అని మీరే స్వహస్తంతో రాశారు. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఇంత సూటిగా ఒప్పుకున్న మనిషిని చూడలేదు.

ఆ కుట్ర ఎవరి మీద, ఏ పోటీ కంపెనీ తరఫున, అందులో మీ అక్కగారి పాత్ర ఏమిటి అన్నది ఈ ఉత్తరం అందిన వెంటనే తెలియజేయాలి. మన క్రీమ్ బిస్కెట్ తయారీ వివరాలు బయటికి పోకుండా గేటు దగ్గర గార్డుకి తగు ఆదేశాలిచ్చాం. మీ సెలవు సంగతి ఇక అడగవద్దు.

ఇట్లు,
మేనేజర్, సిబ్బంది విభాగం

తా.క. పెళ్లి అన్నది మీ వాళ్లలో ఏదైనా సంకేత పదమైతే అది కూడా చెప్పగలరు.

*

మేనేజరు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి పిండి బస్తా మీద కూలబడ్డాను. అయ్యా, అది కుట్ర కాదు, కుట్టు. ట కింద ఉన్నది ట ఒత్తే. చెమటకి కొమ్ము చెరిగి, ఒత్తు తోక సాగి మీకు ర ఒత్తులా కనబడి ఉంటుంది. మా అక్కది బట్టలు కుట్టే షాపు. జాకెట్లు, చొక్కాలు, స్కూలు యూనిఫాంలు. ఆమెకి ఈమధ్య సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోంది. షాపు మూసేద్దామంది. ఆ మిషను చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, మూసేస్తానంటే నాకు మనసొప్పలేదు. అందుకే ఈ రాజీనామా. ఇక్కడ ఎవరికీ చెప్పలేదన్నది, "ఈ వయసులో జాకెట్లు కుడతావా" అని నవ్వుతారని. ఇప్పుడు మీ దయవల్ల అందరికీ తెలిసింది. నవ్వుతున్నారు కూడా.

మీ ఆదేశాల ప్రకారం గార్డు నా క్యారేజీ రోజూ విప్పిస్తున్నాడు. మొన్న బ్రెడ్డు ముక్కలు విడదీసి మధ్యలో చూశాడు. నిన్న ఉడికించిన గుడ్డు నా చేతే ఒలిపించాడు. అతని తప్పేం లేదు, "పైనుంచి చెప్పారన్నా, ఏమనుకోవద్దు" అంటూనే చూస్తున్నాడు. నా జేబులో కొలతల టేపు దొరికితే మాత్రం రాసుకున్నాడు. అది ఎందుకో అతనికి బాగా తెలుసు. సంగతి బయటపడ్డాక, అన్నం తినే గంటలో అతని ఛాతీయే కొలిచాను. చేతికి అలవాటు తప్పకుండా ఇక్కడున్న ఒక్కొక్కరినీ కొలుస్తున్నాను.

మా అక్క షాపు చిరునామా కింద రాస్తున్నాను. స్టేషను వెనక వీధిలో, మందుల షాపు పక్కన, మెట్లెక్కి పైన. ఎవరినైనా పంపి కనుక్కోండి. మంచినీళ్లిచ్చి మాట్లాడే మనిషి.

ఇట్లు,
ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్

తా.క. పెళ్లి సంకేత పదం కాదు. పెళ్లే.

తా.క. ఇంకొకటి. ఈ ఉత్తరం ఇంటి దగ్గర, ఫ్యాను కింద కూర్చుని రాశాను.

*

ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్‌కు,

మీ వివరణ అందింది. మా టైపిస్టు పాత ఉత్తరాన్ని కిటికీ దగ్గర పెట్టి, భూతద్దంతో చూసి, అది కుట్టే అయ్యుండవచ్చని అంటోంది. అయ్యుండవచ్చు అన్నదాని మీద నేను సంతకం పెట్టలేను.

ఈలోగా గార్డు నివేదిక వచ్చింది. ఫలానా రోజున మీ టేపు ఓవెన్ తలుపు మీద అడ్డంగా పరిచి ఉండగా చూశానని రాశాడు. ఓవెన్‌కి చొక్కా కుట్టరు కదా. తలుపు కొలతలు తెలిస్తే మొత్తం ఓవెన్ కొలతలు కట్టవచ్చని మా ఇంజినీరు చెబుతున్నాడు. అతను కూడా కొంచెం భయపడ్డాడు.

అందువల్ల ఈ వ్యవహారంలో మీరిచ్చిన చిరునామాకు నేనే స్వయంగా వెళ్లి విచారించదలచాను. ఆ ఊరు నాకు కొత్త కాదు, తెలిసినవాళ్లున్నారు. విచారణ పూర్తయ్యేదాకా మీరు డ్యూటీ వదిలి కదలరాదు. కదిలితే అనుమతి లేని గైర్హాజరుగా పరిగణించి, మీకివ్వవలసిన అనుభవ పత్రం నిలిపివేస్తాం.

ఇట్లు,
మేనేజర్, సిబ్బంది విభాగం

తా.క. నేను వస్తున్నట్టు మీ అక్కగారికి ముందుగా చెప్పవద్దు. విచారణ సహజంగా జరగాలి.

*

మేనేజరు గారికి,

నమస్కారాలు. టేపు మీద అసిస్టెంటు టీ ఒలికించాడు. కడిగి, ఆరుతుందని ఓవెన్ తలుపు మీద వేశాను. ఫ్యాక్టరీలో దానికన్నా త్వరగా ఆరబెట్టే చోటు లేదు. మా చేతిరుమాళ్లు, గార్డు టోపీ కూడా అక్కడే ఆరతాయి.

నిన్న అక్కతో మాట్లాడాను. మీరు చెప్పొద్దన్నారని విచారణ సంగతి ఎత్తలేదు. సెలవు రాలేదని మాత్రం చెప్పాను. ఆమె "పోనీలేరా, అక్కడ చివరి రోజుల్లో మాట పడకు. రిజిస్టరాఫీసులో సంతకాలే కదా, పక్కషాపు వాళ్లనెవరినైనా పిలుచుకుంటాంలే" అంది. మామూలుగానే అంది. కానీ ఆమె ఫోన్లో ఎప్పుడూ నాకన్నా ముందు పెట్టేయదు. నిన్న పెట్టేసింది.

అయ్యా, బెదిరిస్తున్నానని అనుకోవద్దు. నేను వెళ్తున్నాను. పెళ్లి ముందు రోజు పొద్దున్నే బండెక్కుతాను. మీరు సెలవు అని రాసుకుంటే సెలవు, గైర్హాజరు అని రాసుకుంటే గైర్హాజరు. అనుభవ పత్రం ఇవ్వకపోతే ఇబ్బందే. మా ఆవిడ కూడా ఆ మాటే అంది. అని, నా సంచీలో ఇస్త్రీ చేసిన చొక్కా పెట్టింది.

తిరిగొచ్చి మిగతా నోటీసు రోజులు పనిచేస్తాను. రానిస్తేనే.

ఇట్లు,
ఓవెన్ సెక్షన్ సూపర్‌వైజర్

తా.క. నేను లేని రోజుల్లో ఎడమ వైపు ట్రేలు ముందుగా తీయమని అసిస్టెంటుకి చెప్పాను. మీ ఇంజినీరుకి కూడా చెప్పండి, భయం తగ్గుతుంది.

*

పూజ్యులైన మామయ్య గారికి,

మీ మేనల్లుడు నమస్కరించి రాయునది.

సంబోధన చూసి ఉత్తరం వేరేవాళ్లదేమోనని కవరు తిప్పి చూస్తారు. మీకే రాశాను. నేను సిబ్బంది విభాగం మేనేజర్నే. జరిగింది వరసగా చెబుతాను.

నిన్న మధ్యాహ్నం బండి దిగి, స్టేషను వెనక వీధి పట్టుకుని, మందుల షాపు పక్క మెట్లెక్కాను. విచారణ సహజంగా ఉండాలని ప్యాంటు పొట్టి చేయించుకునేవాడిలా ఒక ప్యాంటు చంకలో పెట్టుకున్నాను. లోపల మీ అక్కగారు ఒక పెద్దాయనకి చొక్కా కొలత తీస్తున్నారు. ఆయన నాకు వీపు పెట్టి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు.

"ఇక దించండి, ఎగిరిపోయేలా ఉన్నారు" అన్నారు మీ అక్కగారు.

ఆయన చేతులు దించి, ఇటు తిరిగాడు. మా నాన్న.

నన్ను చూసి ఆయన మొదట అడిగింది ఇదీ: "ఏరా, సెలవు దొరికిందా?"

"ఆఫీసు పని మీద వచ్చాను నాన్నా" అన్నాను.

"ఇక్కడేం పని?"

"ఒక పెళ్లి నిజమా కాదా అని కనుక్కోవాలి."

"ఎవరి పెళ్లి?"

మీ అక్కగారు టేపు మెడలో వేసుకుని, నా చంకలో ప్యాంటు వైపూ నా మొహం వైపూ చూసి, "మా పెళ్లే అయ్యుంటుంది లెండి. మా తమ్ముడి హెడ్డాఫీసు వాళ్లకి నమ్మకం కుదరడం లేదు. ఉత్తరాలు ఫోన్లో చదివి వినిపిస్తుంటాడు. ఆ మేనేజరుకి ఇంట్లో మనుషులెవరూ లేరేమో పాపం అనుకుంటుంటాం. ఈయన కూడా అవునన్నారు" అన్నారు.

మా నాన్న నేల చూపులు చూశారు. నేనూ అదే చేశాను.

మీకు అనుమానం రావచ్చు, నాన్నకి ఇదంతా ముందే తెలియదా అని. ఆయన దృష్టిలో నేను పైపుల కంపెనీలో పనిచేస్తున్నాను. నిజమే, పైపులే చేసేవాళ్లం, పోయినేడు బిస్కెట్లు కూడా కొన్నాం. అది ఆయనకి చెప్పేంత తీరిగ్గా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఇక మీ అక్కగారికి ఆయన నన్ను "బుజ్జిగాడు" అని చెప్పారట. ఆమె నేనింకా చదువుకుంటున్నాననుకున్నారు.

పెళ్లి సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. కోపంగానే అడిగాను, దాచడమెందుకు. ఆయన, "ఫోన్లో చెప్పే మాట కాదు కదరా. ఓసారి వచ్చి వెళ్లమని ఎన్నిసార్లు అడిగాను? సెలవు దొరకదు నాన్నా అన్నావు. ఉద్యోగం పోగొట్టుకుంటావేమోనని ఊరుకున్నాను. పెళ్లయ్యాక ఇద్దరం కలిసే వచ్చి చెబుదామనుకున్నాం" అన్నారు.

అప్పుడు మీ అక్కగారు ఒక చిన్న ప్రశ్న అడిగారు. "అంత గట్టి ఆఫీసా బాబూ మీది? సెలవులు ఇచ్చేదెవరు?"

"నేనేనండీ" అన్నాను.

ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. తర్వాత నా ప్యాంటు తీసుకుని, కొలిచి, "ఇది సరిగ్గానే ఉందే, పొట్టి చేయడమెందుకు" అన్నారు. విచారణ అంతటితో ముగిసింది.

రాత్రి నాన్న దగ్గరే ఉన్నాను. అమ్మ పోయాక ఆ ఇంట్లో రెండు గదులు తలుపులు తీయనే లేదట. ఇప్పుడు తీసి సున్నం వేయించారు. ఒక గదిలో కుట్టు మిషను పట్టేంత చోటు వదిలారు, ఆమె షాపుకి వెళ్లలేని రోజున ఇంట్లోనే కుట్టుకోవచ్చని. నాకు చూపించేటప్పుడు కిటికీ రెండుసార్లు తెరిచి మూసి, "వెలుతురు చాలుతుందంటావా" అని అడిగారు. చాలుతుందన్నాను. ఆయన నన్ను ఒక విషయం అడిగి, నేను అవునని చెప్పి ఎంతకాలమైందో గుర్తు రాలేదు.

ఇక ఆఫీసు సంగతి. మీకు మూడు రోజుల ఆర్జిత సెలవు మంజూరు చేశాను. నోటీసు కాలం చివర కలపనక్కర్లేదు. మీరు చెప్పిందే సబబు, రాజీనామా ఇచ్చినంత మాత్రాన సంపాదించుకున్న సెలవు ఆవిరైపోదు. "సాధారణంగా" అన్న మాట ఆ నియమంలో ఎందుకు పెట్టారో ఇన్నేళ్లూ నేను ఆలోచించలేదు. అనుభవ పత్రం తయారవుతోంది. గార్డుకి కూడా రాశాను, ఇకమీదట గుడ్డు జోలికి పోవద్దని.

నేను ఇక్కడికి వచ్చిన సంగతి మీకు తానే చెబుతానని మీ అక్కగారు ఫోను తీశారు. నన్ను చెప్పనివ్వమని బతిమాలుకున్నాను. ఈ ఊరికి సరుకు తెచ్చిన మన వ్యాన్ రాత్రికి ఫ్యాక్టరీకి తిరిగి వెళ్తోంది. డ్రైవరు చేతికే ఇస్తున్నాను, మీరు బండెక్కే లోపల అందుతుంది. స్టేషనుకి నేను వస్తాను. మీరు నన్ను గుర్తుపట్టలేరు కాబట్టి, ఇస్త్రీ చేసిన చొక్కా ఎవరు వేసుకొస్తారో నేనే చూసుకుంటాను. అత్తయ్యని కూడా తీసుకురండి.

ఇట్లు,
మీ మేనల్లుడు
(ఆఫీసులో మాత్రం మేనేజర్, సిబ్బంది విభాగం)

తా.క. బుజ్జిగాడు అన్న పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పవద్దు. ఇది ఆదేశం కాదు, వేడుకోలు.

తా.క. ముఖ్యమైనది మరిచాను. పెళ్లికి ఉండిపోతానని నేను కూడా సెలవు అడిగాను. డైరెక్టరు గారు నా ఫైలు తెప్పించుకుని చూసి, "నీ వయసుకి 'మా నాన్న పెళ్లి' అని రాయడంలో పొరపాటు జరిగింది, నీ పెళ్లి అయ్యుంటుంది, సరిచేసి పంపు" అన్నారు. కాదంటే రుజువు కావాలన్నారు. కాబట్టి ఆడపెళ్లివారి తరఫున మీరు ఒక ఉత్తరం రాసి, వచ్చేటప్పుడు తీసుకురాగలరు. దయచేసి ఫ్యాను కింద కూర్చుని రాయండి.